ఆనవాలు తప్పిన మనసు – జోసెఫ్ కాప్‌గ్రా

పాఠ్యభాగ ఉద్దేశం

తెలిసినవారిని గుర్తుపట్టడం మనకు అతి సులభంగా తోచే పని. ఆ పని వెనుక మెదడు పడే శ్రమను, ఆ శ్రమ బెడిసినప్పుడు కలిగే విపరీతమైన భ్రాంతిని ఈ పాఠం వివరిస్తుంది. ఆ భ్రాంతిని ఓపికతో పరిశీలించి లోకానికి తెలిపిన ఒక ఫ్రెంచి వైద్యుని జీవితాన్ని పరిచయం చేయడం, మానసిక రోగుల పట్ల శాస్త్రీయ దృష్టిని, సానుభూతిని పెంపొందించడం దీని ఉద్దేశం.

పాఠ్యభాగం

విదర్భ రాజకుమారి దమయంతి స్వయంవర కథ తెలుగువారికి సుపరిచితం. నలుని వరించాలని నిశ్చయించుకొని, పూలమాల చేతబట్టి ఆమె సభలో అడుగుపెట్టింది. ఎదుట ఒక్క నలుడు కాక ఐదుగురు నలులు కనిపించారు. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుని రూపం ధరించి అతని సరసనే ఆసీనులయ్యారు. రూపంలో ఒకరికొకరు తీసిపోరు. దమయంతి కలవరపడి దేవతలనే ప్రార్థించింది. వారు కరుణించి తమ లక్షణాలను బయటపెట్టారు. రెప్ప వేయనివారు, చెమట పట్టనివారు, పాదాలు నేలను తాకనివారు దేవతలు. రెప్పలార్పుతూ, చెమర్చిన మేనితో నేలపై నిలిచినవాడు నలుడు. ఆ ఆనవాళ్లు చూసి ఆమె తన నలుని గుర్తించి అతని మెడలో మాల వేసింది.

ఈ కథలో రూపాలు మార్చుకొన్నవారు దేవతలు. దమయంతి చూపులో గాని, బుద్ధిలో గాని లోపం లేదు. కాని ఎదుటివారి రూపంలో ఏ మార్పూ లేకుండానే, చూసేవారి మెదడులో ఏదో ఒక దారి తెగిపోతే ఏమవుతుంది? కన్నతల్లి అన్నం వడ్డిస్తుంటే, ఈమె అచ్చం నా తల్లిలాగే ఉంది గాని నా తల్లి మాత్రం కాదని కుమారుడు నమ్మితే? పాతికేళ్లు కాపురం చేసిన భర్తను చూసి, ఎవరో అతని రూపంలో ఇంట చొరబడ్డారని భార్య భయపడితే? ఇది కేవలం ఊహ కాదు. అలా నమ్మే రోగులు అన్ని దేశాలలోనూ ఉన్నారు. ఆ వ్యాధిని వైద్యలోకం ఈనాటికీ కాప్‌గ్రా భ్రాంతి అనే పిలుస్తున్నది. ఆ పేరు వెనుక ఉన్న వైద్యుడు జోసెఫ్ కాప్‌గ్రా.

ఆయన 1873 ఆగస్టు 23న నైరుతి ఫ్రాన్సులో, గారోన్ నదీతీరాన ఉన్న వెర్దన్ సుర్ గారోన్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. సమీపంలోని తులూజ్ నగరంలో వైద్యవిద్య అభ్యసించాడు. శరీర రోగాల కంటె మనోరోగాలు ఆయన దృష్టిని ఎక్కువగా ఆకర్షించాయి. 1838లో చేసిన ఒక చట్టం వల్ల ఫ్రాన్సులో ప్రతి మండలమూ మతి చెడినవారికి చికిత్సాలయ వసతి కల్పించవలసి ఉండేది. విశాలమైన ఆ భవనాలలో వందలాది రోగులు ఏళ్ల తరబడి గడిపేవారు. అటువంటి చికిత్సాలయాలే కాప్‌గ్రా కర్మక్షేత్రాలయ్యాయి.

ఆ కాలపు మానసిక వైద్యుని పరిస్థితిని మనం ఊహించుకోవాలి. భ్రాంతులను అదుపు చేసే మందులు 1950లలో గాని రాలేదు. బతికి ఉన్న మనిషి మెదడును బయటి నుండి చూడగల యంత్రాలు లేవు. రోగి మరణించిన పిదప కపాలాన్ని తెరచి చూడడం తప్ప మెదడు గురించి తెలుసుకొనే మార్గం లేదు. వైద్యుని వద్ద ఉన్న సాధనాలు రెండే: చూసే కన్ను, వినే చెవి. చాలామంది రోగి మాటలను ప్రలాపాలుగా ఎంచి కొట్టివేసేవారు. కాప్‌గ్రా ఆ దారిన పోలేదు. రోగి ఏమంటున్నాడో, ఏ మాట తర్వాత ఏ మాట అంటున్నాడో, తన నమ్మకానికి ఏ కారణాలు చెబుతున్నాడో ఓపికగా విని రాసుకోవడం ఆయనకు అలవాటు.

ఆ అలవాటు తొలి ఫలితాన్ని 1909లో ఇచ్చింది. తనకంటె వయసులో పెద్దవాడైన పోల్ సెరియూ అనే వైద్యునితో కలిసి ఆయన ఒక గ్రంథం ప్రకటించాడు. తర్కం చెడకుండానే మతి తప్పినవారి గురించి ఆ గ్రంథం చర్చించింది. లేని గొంతులు వీరికి వినబడవు. లేని రూపాలు కనబడవు. జ్ఞాపకశక్తి చక్కగా ఉంటుంది. లెక్కలు తప్పరు. అయినా కళ్లెదుటి నిజమైన సంఘటనలకు తప్పుడు అర్థాలు తీస్తారు. వీధిలో ఒకరు దగ్గితే అది తమను హెచ్చరించే సంకేతం. పత్రికలో ఒక పదం కనబడితే అది తమపై పన్నిన కుట్ర. ఆ పునాది మీద ఒక్కొక్క రాయీ పేర్చి వారు గొప్ప కోట కడతారు. కట్టడంలో లోపం ఉండదు. లోపమంతా పునాదిలోనే ఉంటుంది. మతి తప్పడమంటే తర్కం నశించడమే అనుకొనేవారికి ఆ గ్రంథం కొత్త చూపునిచ్చింది.

తరువాత కాప్‌గ్రా పారిస్ నగరానికి తూర్పున ఉన్న మెజోన్ బ్లాంష్ చికిత్సాలయంలో వైద్యుడయ్యాడు. అక్కడికి 1919లో వచ్చిన ఒక స్త్రీ ఆయన పేరును చరిత్రలో నిలిపింది. ఆమె అసలు పేరు బయటపడకుండా వైద్యులు ఆమెను మదాం ఎం. అని వ్యవహరించారు. ఆమె దుస్తులు కుట్టి జీవించే స్త్రీ. వయసు ఏభై దాటింది.

1918 జూన్ నెలలో ఆమె తన పేటలోని పోలీసు అధికారి వద్దకు వెళ్లింది. తన ఇంటి కింది నేలమాళిగలోను, పారిస్ నగరమంతటా అటువంటి మాళిగలలోను పసిపిల్లలను బంధించి ఉంచారని, వచ్చి కళ్లారా చూసేందుకు ఇద్దరు భటులను తోడివ్వమని కోరింది. అవి మొదటి ప్రపంచ యుద్ధపు చివరి నెలలు. జర్మనీ సేనలు దూరం నుండి పేల్చే ఫిరంగి గుండ్లు పారిస్‌పై పడుతున్నాయి. ప్రాణభయంతో జనం నిజంగానే నేలమాళిగలలో తలదాచుకొంటున్న రోజులవి. పోలీసులు ఆమెను మానసిక చికిత్సకు పంపారు. మొదట సెంట్ ఆన్ ఆసుపత్రిలో, ఆ తరువాత మెజోన్ బ్లాంష్‌లో ఆమెను చేర్చారు.

ఆమె చెప్పిన విషయాలు విన్నవారికి దిగ్భ్రాంతి కలిగేది. తన భర్త ఎప్పుడో హతుడయ్యాడని, అతని స్థానంలో అతని రూపంతో ఒకరి తర్వాత ఒకరుగా ఎనభైమంది వచ్చారని ఆమె నమ్మింది. తన కుమార్తెను ఎత్తుకుపోయి మరొక బాలికను ఆ స్థానంలో నిలిపారని, ఆ బాలికను కూడా మార్చి ఇంకొకరిని తెచ్చారని, ఇలా కొన్నేళ్లలో రెండు వేలకు పైగా కుమార్తెలు మారారని చెప్పింది. ఇరుగుపొరుగువారు, పోలీసులు, వైద్యులు, నర్సులు, తోటి రోగులు అందరూ మారుమనుషులే. చివరకు తనకు కూడా ఒక ప్రతిరూపం ఉన్నదని, ఆ మరో స్త్రీకి బదులుగా తనను నిర్బంధించారని వాపోయింది. తాను గొప్ప వంశంలో పుట్టినదాననని, తన ఆస్తిని అపహరించేందుకే ఇంత కుట్ర జరిగిందని వివరించేది.

తన మాటలకు ఆమె వద్ద ఆధారాలు లేకపోలేదు. చెవి మీద చిన్న మచ్చ, కాస్త చిక్కిన ముఖం, కొద్దిగా పెరిగిన మీసం, మాట తీరు, నడక తీరు, ఇలా ప్రతి మారుమనిషిలోను ఏదో ఒక సూక్ష్మమైన తేడాను ఆమె ఎత్తిచూపేది. దమయంతి కూడా అటువంటి సూక్ష్మమైన గుర్తులనే వెదికింది. అయితే దమయంతి గుర్తుల సాయంతో నిజమైన నలుని చేరుకొంది. మదాం ఎం. ఎన్ని గుర్తులు వెదికినా తనవారి నుండి మరింత దూరమైపోయింది.

కాప్‌గ్రా ఆమె భ్రాంతిని మాత్రమే నమోదు చేసి ఊరుకోలేదు. ఆమె జీవితాన్ని కూడా తెలుసుకొన్నాడు. ఆమెకు కలిగిన సంతానం ఐదుగురు. వారిలో నలుగురు పసితనంలోనే పోయారు. ఒక్క కుమార్తె మిగిలింది. పోయిన బిడ్డలు చనిపోలేదని, ఎవరో ఎత్తుకుపోయారని ఆ తల్లి నమ్మింది. నగరం అడుగున మాళిగలలో బంధింపబడిన పిల్లల కోసం ఆమె పోలీసులను ఆశ్రయించిన సంగతిని ఈ నేపథ్యంలో చూస్తే మన మనసు బరువెక్కుతుంది. నవ్వు పుట్టించే ఎనభై, రెండు వేల లెక్కల వెనుక ఎంత దుఃఖం దాగి ఉందో అర్థమవుతుంది. అందరూ పిచ్చిమాటలని తోసిపుచ్చిన వాటిని ఒక వైద్యుడు శ్రద్ధగా వినడం వల్లనే ఈ సంగతి మనకు తెలిసింది.

జాన్ రెబూల్ లాషో అనే సహచరునితో కలిసి కాప్‌గ్రా 1923లో ఈ రోగి వృత్తాంతాన్ని పారిస్‌లోని ఒక వైద్య సంఘం ఎదుట సమర్పించాడు. ఆ భ్రాంతికి ఆయన పెట్టిన పేరులోని ముఖ్యమైన పదం సోజీ. మన అహల్య కథను గుర్తుచేసే ఒక కథ రోమన్ల పురాణాలలో ఉంది. జూపిటర్ అనే దేవుడు ఆంఫిట్రియన్ అనే సేనాని రూపం ధరించి అతని భార్యను చేరుతాడు. జూపిటర్‌కు తోడుగా మెర్క్యురీ అనే మరో దేవుడు ఆ సేనాని సేవకుడైన సోజీ రూపం ధరిస్తాడు. ఈ కథను మోలియేర్ 1668లో నాటకంగా రచించాడు. అప్పటి నుండి ఫ్రెంచి భాషలో అచ్చుగుద్దినట్లు పోలికగల మనిషిని సోజీ అనడం వాడుకైంది. జనానికి తెలిసిన ఆ మాటనే కాప్‌గ్రా వైద్యశాస్త్రంలోకి తెచ్చాడు.

పేరు పెట్టడం కంటె ఆయన చేసిన వివరణ గొప్పది. మదాం ఎం. కంటిచూపు బాగానే ఉంది. ముఖాలను ఆమె చక్కగా పోల్చుకోగలదు. భర్త ముఖం భర్త ముఖంలాగే కనిపిస్తున్నది. కాని ఆప్తుని చూడగానే మనసులో సహజంగా పొంగవలసిన పరిచయ భావం ఆమెలో పొంగడం లేదు. దాని స్థానంలో ఒక వింతదనం, ఒక పరాయితనం తోస్తున్నది. కన్ను అతడే అంటుంది. మనసు అతడు కాదంటుంది. ఈ రెండింటి సంఘర్షణకు ఆమె బుద్ధి వెదుక్కొన్న పరిష్కారమే మారుమనిషి. కనుక ఇది కంటికి సంబంధించిన దోషం కాదని, భావం ఇచ్చిన తీర్పు అని కాప్‌గ్రా సూత్రీకరించాడు. మెదడు లోపలి మార్గాలను చూడగల సాధనమేదీ లేని కాలంలో, కేవలం వినడం ద్వారా ఆయన చేరుకొన్న నిర్ణయమిది.

మహావైద్యులైనా పొరపాట్లకు అతీతులు కారు. ఆ కాలంలో సిగ్మండ్ ఫ్రాయిడ్ సిద్ధాంతాల ప్రభావం ఐరోపా అంతటా వ్యాపిస్తున్నది. 1924లో మరొక రోగిని పరిశీలించినప్పుడు, తల్లిదండ్రుల పట్ల బాల్యంలో అణగారిన కోరికలే ఈ భ్రాంతికి మూలమనే వివరణ వైపు కాప్‌గ్రా మొగ్గు చూపాడు. ఒక ఏడాది ముందు తానే చూపిన మంచి దారిని ఆయన వదలి పక్కదారి పట్టాడనవచ్చు. ఆ తరువాత అనేక దశాబ్దాల పాటు వైద్యులు చాలావరకు ఆ పక్కదారినే నడిచారు.

ఇంతలో ఈ కోవకు చెందిన ఇతర భ్రాంతులు కూడా వెలుగులోకి వచ్చాయి. 1927లో పారిస్‌లోనే మరి ఇద్దరు వైద్యులు ఒక యువతి గురించి రాశారు. ఆమె భ్రాంతి మదాం ఎం. భ్రాంతికి తలకిందులు. ఇద్దరు ప్రసిద్ధ నటీమణులు రకరకాల మనుషుల వేషాలలో తనను వెంటాడుతున్నారని ఆమె నమ్మింది. క్షణంలో వేషాలు మార్చడంలో పేరుపొందిన ఇటలీ నటుడు ఫ్రెగోలీ పేరును ఆ భ్రాంతికి పెట్టారు. ఒకరిలో తెలిసినవారు కూడా పరాయివారుగా తోస్తారు. మరొకరిలో పరాయివారంతా తెలిసినవారుగా తోస్తారు. 1929లో లెవీ వాలెన్సీ అనే వైద్యుడు మారుమనుషుల భ్రాంతిని కాప్‌గ్రా పేరుతో వ్యవహరించాడు. ఆ పేరే స్థిరపడింది.

అదే సంవత్సరం కాప్‌గ్రా పారిస్‌లోని సుప్రసిద్ధమైన సెంట్ ఆన్ ఆసుపత్రికి మారాడు. 1936 వరకు అక్కడ పనిచేసి విశ్రాంతి తీసుకొన్నాడు. 1950లో తన డెబ్బయి ఆరవ ఏట కన్నుమూశాడు. తాను పేరు పెట్టిన భ్రాంతి అసలు మూలం ఎక్కడ ఉన్నదో తెలుసుకొనే అవకాశం ఆయనకు దక్కలేదు. అందుచేత ఆయన కథ ఆయన మరణంతో ముగియదు.

తరువాతి కాలంలో మెదడును ఛాయాచిత్రాలుగా చూపే యంత్రాలు వచ్చాయి. తలకు దెబ్బ తగిలినవారిలో, పక్షవాతం వచ్చినవారిలో, మూర్ఛరోగులలో, వృద్ధాప్యంలో మతిమరుపు వ్యాధులు సోకినవారిలో కూడా ఈ భ్రాంతి కనిపిస్తున్నదని వైద్యులు గమనించారు. నిన్నటి దాకా తండ్రిని తండ్రిగా ప్రేమించిన వ్యక్తి, తలకు గాయమైన తర్వాత ఆయనను మారుమనిషి అంటున్నాడు. దీనికి బాల్యపు కోరికలు కారణమని ఎలా చెప్పగలం? కారణాన్ని మెదడులోనే వెదకాలని శాస్త్రవేత్తలు గ్రహించారు.

వారికి దారి చూపినది మరొక వ్యాధి. మెదడు వెనుక అడుగుభాగం దెబ్బతిన్న కొందరు ముఖాలను గుర్తించలేరు. భార్య ఎదుట నిలిచినా ఎవరో తెలియదు. గొంతు విన్న తర్వాతనే పోల్చుకొంటారు. 1984లో రస్సెల్ బవర్ అనే శాస్త్రవేత్త అటువంటి రోగి ఒకరిని పరీక్షించాడు. మనసు చలించినప్పుడు అరచేతిలో మన కంటికి తెలియనంత స్వల్పంగా చెమట పడుతుంది. చర్మం గుండా విద్యుత్తు ప్రసరించే తీరును కొలిచి ఆ మార్పును పసిగట్టవచ్చు. ఈ రోగికి తెలిసిన ముఖం చూపి కొన్ని పేర్లు చదివితే, సరైన పేరు వచ్చినప్పుడు అతని చర్మం ఎక్కువగా స్పందించింది. నోరు తెలియదంటున్నది, చేయి తెలుసంటున్నది. ముఖాన్ని పోల్చుకోవడానికి ఒక మార్గం, ఆ ముఖం పట్ల మమత మేల్కొనడానికి మరొక మార్గం మెదడులో ఉన్నాయని దీనివల్ల తెలిసింది.

బ్రిటన్‌కు చెందిన హేడన్ ఎలిస్, ఆండ్రూ యంగ్ 1990లో ఈ ఆలోచనను ముందుకు తీసుకుపోయారు. ముఖాలు గుర్తించలేని రోగిలో మొదటి మార్గం చెడి రెండవది మిగిలింది. కాప్‌గ్రా భ్రాంతిలో ఇందుకు విరుద్ధంగా మొదటిది మిగిలి రెండవది చెడి ఉండాలని వారు ఊహించారు. 1997లో ఐదుగురు రోగులపై ఆ ఊహను పరీక్షించారు. మామూలు మనుషుల చర్మం తెలిసిన ముఖాలకు ఎక్కువగాను, తెలియని ముఖాలకు తక్కువగాను స్పందిస్తుంది. ఈ రోగులలో ఆ తేడాయే కనబడలేదు. తెలిసిన ముఖమైనా, తెలియని ముఖమైనా వారి శరీరానికి ఒక్కటే. 1923లో కాప్‌గ్రా చెప్పిన పరిచయ భావ లోపాన్ని డెబ్బయి నాలుగేళ్ల తర్వాత యంత్రం కొలిచి చూపింది.

అదే 1997లో భారతీయుడొకరు ఈ పరిశోధనకు మరింత వెలుగునిచ్చారు. తమిళనాడులో జన్మించి, చెన్నైలో వైద్యం చదివి, అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన వి. ఎస్. రామచంద్రన్, తన సహచరుడు విలియం హర్‌స్టీన్‌తో కలిసి ఒక యువకుని పరిశీలించారు. కారు ప్రమాదంలో తలకు గాయమై, కొన్ని వారాలు స్పృహ లేక, కోలుకొన్న యువకుడతడు. మాట, జ్ఞాపకం, తెలివి అన్నీ తిరిగి వచ్చాయి. కాని తల్లిదండ్రులను మాత్రం మారుమనుషులంటున్నాడు. తనను చూసుకొనేందుకు తండ్రి ఈ మనిషిని జీతానికి పెట్టి ఉంటాడని తనకు తానే కారణం చెప్పుకొన్నాడు. వింత ఏమంటే, అదే తండ్రి టెలిఫోనులో మాట్లాడితే వెంటనే నాన్న అని గుర్తుపట్టేవాడు. చూపు నుండి భావకేంద్రాలకు పోయే దారి తెగింది గాని, వినికిడి నుండి పోయే దారి నిలిచి ఉందని రామచంద్రన్ వివరించారు.

ఇక్కడ ఒక ప్రశ్న మిగులుతుంది. ఆప్తుని చూసినా మమత కలగకపోతే, నాకేదో అయిందని అనుకోవచ్చు కదా! అతడే మారిపోయాడని ఎందుకు నమ్మాలి? నుదుటి వెనుక మెదడు అడుగుభాగం దెబ్బతిన్న కొందరిలో తెలిసిన ముఖాలకు చర్మం స్పందించదు. అయినా వారికి ఈ భ్రాంతి లేదు. కనుక ఒక్క దెబ్బ చాలదు. మనకు రోజూ అసంబద్ధమైన ఆలోచనలు ఎన్నో తోస్తాయి. వాటిని తూకం వేసి, నమ్మదగనివాటిని తోసిపుచ్చే పనిలో నుదుటి వెనుక మెదడు కుడిభాగానికి ముఖ్యమైన పాత్ర ఉంది. ఆ కాపలాదారు కూడా నిద్రపోతే వింత ఆలోచన నమ్మకంగా గట్టిపడుతుందని మాక్స్ కోల్ట్‌హార్ట్ మొదలైనవారు ప్రతిపాదించారు. 2017లో అమెరికా పరిశోధకులు, ఇటువంటి భ్రాంతులు కలిగిన 17 మంది మెదడు గాయాలను పరిశీలించారు. గాయాలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. కాని దాదాపు అవన్నీ రెండు ప్రాంతాలతో ముడిపడి ఉన్నాయి. ఒకటి పరిచయ భావానికి సంబంధించినది, రెండవది నమ్మకాలను తూచే కుడి నుదుటి భాగం.

ఈ విజ్ఞానం పండితులకే పరిమితమైనది కాదు. వృద్ధాప్యంలో మతిమరుపు వ్యాధి సోకిన తల్లి, కన్నకూతురిని పట్టుకొని నీవెవరని గద్దించవచ్చు. రాత్రింబవళ్లు సేవ చేసే ఆ కూతురి గుండె ఎంతగా నొచ్చుకొంటుందో ఊహించవచ్చు. తనపై తల్లికి ప్రేమ పోయిందని ఆమె కుమిలిపోతుంది. నిజానికి పోయినది ప్రేమ కాదు. ఆ ప్రేమను ముఖంతో కలిపే నాడీమార్గం తెగింది. తన కూతురు ఏమైపోయిందోనని ఆ తల్లి ఆందోళన పడుతున్నదంటే, కూతురిపై మమకారం ఆమెలో ఇంకా ఉన్నదనే అర్థం. రోగితో వాదించి గెలవాలని చూస్తే భయం పెరుగుతుందే గాని భ్రాంతి తొలగదు. భయంలో కొందరు రోగులు ఎదుటివారిపై చేయి చేసుకొనే ప్రమాదమూ ఉంది. గాలి సోకిందని, చేతబడి జరిగిందని కాలయాపన చేయక వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. మూలవ్యాధికి చికిత్స చేస్తే కొందరిలో ఈ భ్రాంతి తగ్గుతుంది. తగ్గనివారి వద్ద శాంతంగా మెలగడమే ఇంటివారు చేయగల మేలు.

కాప్‌గ్రా గొప్ప యంత్రాలను కనిపెట్టలేదు. మందులను తయారు చేయలేదు. ఆయన చేసినది ఒక్కటే. నలుగురు బిడ్డలను పోగొట్టుకొన్న ఒక కుట్టుపని స్త్రీ మాటలను నవ్వకుండా, విసుక్కోకుండా చివరిదాకా విన్నాడు. ఆ మాటలలో ఒక క్రమం ఉందని నమ్మి వెదికాడు. ఆ వెదుకులాటలోనే మనిషిని మనిషి గుర్తించడమంటే కన్ను చేసే పని మాత్రమే కాదని, మనసు కూడా తన ఆనవాలు పట్టాలని తెలుసుకొన్నాడు. ఇంటికి రాగానే అమ్మ ముఖం చూసి మనకు కలిగే ఆ చిన్న నెమ్మదిని మనం గమనించనైనా గమనించం. మెదడు చేసే ఎంతో సున్నితమైన పని ఫలితం అది. మదాం ఎం. పోగొట్టుకొన్నది దానినే. అది ఎంత విలువైనదో లోకానికి తెలిపినవాడు కాప్‌గ్రా.

కఠిన పదాలు – అర్థాలు

సుపరిచితం = బాగా తెలిసినది
సరసన = పక్కన
ఆసీనులు = కూర్చున్నవారు
మేను = శరీరం
ఆనవాలు = గుర్తు
కర్మక్షేత్రం = పనిచేసే చోటు
ప్రలాపం = అర్థం లేని మాట
హతుడు = చంపబడినవాడు
దిగ్భ్రాంతి = దిక్కుతోచని ఆశ్చర్యం
నేలమాళిగ = భూమి అడుగున కట్టిన గది
ఆప్తుడు = దగ్గరివాడు
సూత్రీకరించు = సంక్షిప్తంగా సిద్ధాంతం చేసి చెప్పు
కాలయాపన = సమయం వృథా చేయడం

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. మదాం ఎం. భ్రాంతిని వివరించి, దానికి కాప్‌గ్రా చెప్పిన కారణాన్ని తెలపండి.
2. ఆప్తులను గుర్తించడంలో మెదడు నిర్వహించే పాత్రను శాస్త్రవేత్తలు ఎలా నిరూపించారో రాయండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. దమయంతి గుర్తులు వెదకడానికి, మదాం ఎం. గుర్తులు వెదకడానికి గల భేదమేమి?
2. సోజీ అనే పదం ఎలా వాడుకలోకి వచ్చింది?
3. తండ్రిని చూసి గుర్తించని యువకుడు టెలిఫోనులో గుర్తించడానికి కారణమేమి?
4. ఇటువంటి రోగుల పట్ల ఇంటివారు ఎలా మెలగాలి?